రెండో ఇంటి పిల్లలు ఏ రిజిస్టరులో ఉన్నారు?

రాష్ట్ర మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం ప్రాంతంలో చాలా ఏళ్లు అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా పనిచేసి పదవీ విరమణ పొందినదానిని. ఒకే మగవానికి రెండు సంసారాలున్న చోట పెరిగే పిల్లల తిండి, ఆరోగ్యం గురించి తమ దృష్టికి ఒక విషయం తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. వీరి సంఖ్య పెద్దది కాదని ముందే ఒప్పుకుంటాను. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమ భర్తకు మరో భార్య ఉన్నదని చెప్పిన వివాహితలు దేశం మొత్తం మీద 1.4 శాతమే, హిందువుల్లో 1.3, ముస్లింలలో 1.9 శాతం గనుక ఇది ఫలానా వారి ఆచారమని వేలెత్తి చూపే పనీ లేదు. అయితే ముక్కూ మొహం తెలియని సర్వేవారు వచ్చి అడిగినప్పుడు మా వైపు చిన్నింటామె ఎంతవరకు నిజం చెబుతుందో, గడప గడపా తిరిగిన మాలాంటి వారికి తెలుసు.

ఇలాంటి ఇళ్లలో పిల్లలు చిక్కిపోతారనే మాట ఊళ్లలోనూ ఉంది, పరిశోధనల్లోనూ ఉంది. మాలీ దేశంలో డోగన్ ప్రజల మధ్య దీర్ఘకాలం అధ్యయనం చేసిన బెవర్లీ స్ట్రాస్‌మన్, బహుభార్యత్వం ఉన్న కుటుంబాల్లో పసిపిల్లల మరణాలు ఎక్కువగా ఉన్నాయని తేల్చారు. ఉత్తర టాంజానియాలోని 56 గ్రామాలను పరిశీలించి 2015లో ప్రచురించిన మరో అధ్యయనం మాత్రం ఈ లెక్కను ఇంకో వైపు నుంచి చూసింది. ఊరికీ ఊరికీ మధ్య పోల్చినప్పుడు బహుభార్యత్వం ఎక్కువున్న ఊళ్లలో పిల్లల ఎదుగుదల తక్కువగానే కనబడింది. కానీ ఒకే ఊరిలోని ఇళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తేడా నిలవలేదు. ఆ ఊళ్లకు వానలు తక్కువ, చదువు అందుబాటు తక్కువ, పిల్లల ఎదుగుదలను దెబ్బ తీసినవి ముఖ్యంగా అవేనని పరిశోధకులు వివరించారు. వాన మొహం చూసి బతికే అనంతపురం మనిషికి ఈ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. శెనక్కాయ పంట పోయిన ఏడు ఒక్క భార్య ఉన్న ఇంట్లోనూ పిల్లల బరువు తగ్గడం మా రిజిస్టర్లలోనే చూశాను. రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరని, ఆరు నెలలు దాటిన పసివారిలో 63.2 శాతం మందికి రక్తహీనత ఉన్నదని అదే ఐదో సర్వే చెప్పింది. ఇంతమందీ రెండో ఇంటి పిల్లలు కారు కదా.

నేను చూసినంతలో కూడా అన్ని ఇళ్లూ ఒకే తీరుగా లేవు. అక్కకు పిల్లలు కలగలేదని చెల్లెలిని కూడా అదే ఇంటికి ఇచ్చిన చోట, ఒకామె చేనుకు పోతే మరొకామె సంగటి కెలికి అందరు పిల్లలకూ పెట్టడం, ఎవరి కడుపున ఎవరు పుట్టారో కొత్తవారు పోల్చుకోలేకపోవడం చూశాను. (సవతి అనగానే పోరే గుర్తొచ్చే మన భాషకు ఆ ఇల్లు ఒక సవాలు.) పొయ్యి ఒకటే అయిన చోట బిడ్డకు పెద్దగా లోటు రాలేదు. పొయ్యిలు రెండై, సంపాదన ఒకటే అయి, దానిమీద మాట పెద్దింటిదే అయినప్పుడు రెండో ఇంటి బిడ్డకు ముందు పాలు, తర్వాత గుడ్డు, ఆ తర్వాత ఆసుపత్రికి ఆటో ఖర్చు తగ్గుతూ వచ్చాయి. అటువంటి ఇంటికి ప్రభుత్వ సాయం మరింత అందాలి, కానీ సరిగ్గా అక్కడే అది ఆగిపోతోంది.

ఎందుకు ఆగుతోందో ఒక బిడ్డ సంగతి చెబుతాను. రెండేళ్ల ఆ పాపకు వరుసగా మూడు నెలలు బరువు పెరగలేదు. తండ్రి రేషన్ కార్డులో మొదటి భార్య, ఆమె పిల్లలు ఉన్నారు. ఈ తల్లి పేరు వేరే మండలంలోని పుట్టింటి కార్డులోనే ఉండిపోయింది. జనన ధ్రువపత్రానికి పోతే, తండ్రి వచ్చి సంతకం పెట్టాలని ఒక కార్యాలయంలో తిప్పి పంపారు. అతను రాడు, వస్తే కేసవుతుందని భయం. గ్రామ రికార్డులో ఆ కుటుంబమే లేనప్పుడు నెలనెలా పసిపిల్లలకిచ్చే పౌష్టికాహారం బాలామృతం ఏ పద్దు కింద ఇవ్వాలని వర్కరు అడిగితే, పై అధికారులతో గొడవెందుకని ఆ పేరు ఎదుట "వలస" అని రాయించినది నేనే. ఆ రాత ఇప్పటికీ నన్ను వెంటాడుతోంది.

చట్టం ఈ పిల్లలను ఎన్నడో ఒప్పుకుంది. అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉన్న మన సీమలో హిందువులకు భార్య ఉండగా రెండో పెళ్లి 1949లోనే నిషిద్ధమైంది, 1955లో హిందూ వివాహ చట్టం దేశమంతటికీ అదే నియమం తెచ్చింది. కానీ ఆ చట్టంలోని 16వ సెక్షను, పెళ్లి చెల్లకపోయినా పిల్లలు సక్రమ సంతానమేనని చెప్పింది. 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు వారికి తల్లిదండ్రుల ఆస్తిలో వాటా కూడా ఉన్నదని తీర్పిచ్చింది. అవివాహిత తల్లి తండ్రి పేరు చెప్పకుండానే బిడ్డకు జనన ధ్రువపత్రం పొందవచ్చని 2015లోనే అదే కోర్టు ఆదేశించింది. తండ్రి చేసినది నేరమైతే శిక్ష అతనికి పడాలి. కొలత పట్టీ ముందు నిలబడిన పసిదానికి పడరాదు.

కనుక తమను కోరేది ఇది. గ్రామ, వార్డు సచివాలయాల ఇంటింటి లెక్కలో తల్లినీ ఆమె పిల్లలనూ, భర్త కార్డుతో ముడిపెట్టకుండా, ఒక కుటుంబంగా నమోదు చేసేందుకు స్పష్టమైన ఉత్తర్వు ఇప్పించండి. అంగన్‌వాడీలో చేర్చుకోవడానికి తండ్రి ఆధార్‌ గానీ సంతకం గానీ అడగరాదని అందులో రాయించండి. బడి పిల్లల కోసం ఇచ్చే "తల్లికి వందనం" సొమ్మును తల్లి ఖాతాలోనే వేస్తున్న ప్రభుత్వానికి ఈ పద్ధతి కొత్తది కాదు. "రెండో భార్య" అనే గడి మాత్రం ఏ రిజిస్టరులోనూ పెట్టించకండి, ఊరంతా చదివే పుస్తకంలో ఆ ముద్ర పడితే ఆ తల్లి కేంద్రం గడప తొక్కదు. వరుసగా రెండు నెలలు బరువు పెరగని ప్రతి బిడ్డ ఇంటికీ సూపర్‌వైజరు వెళ్లి, ఆ ఇంటికి సంపాదన ఎవరి చేతుల మీదుగా వస్తున్నదో అడిగి రాసుకుంటే చాలు.

ఆ పాప పేరు ఎదుట ఉన్న "వలస" అనే మాట కొట్టివేసే అధికారం నాకిప్పుడు లేదు. తమకు ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత అంగన్‌వాడీ సూపర్‌వైజరు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా