అప్పకి, స్కాట్లండ్‌లోని అబర్డీన్ నుంచి తమ్ముడు

అప్పా,

మొన్న ఫోన్లో నువ్వు చాలాసేపు ఏదో చెప్పావు, నేను "ఆఁ ఆఁ, మంచిదే కదా" అన్నాను. తర్వాత నీ మనవడు మెసేజ్ పెట్టాడు, నువ్వు చెప్పింది బావ మోకాలి ఆపరేషన్ గురించని, దానికి నేను మంచిదే అన్నానని, నువ్వు అన్నం కూడా తినకుండా అలిగి పడుకున్నావని.

అలగకు. నాకు వినపడటం లేదు, అంతే. రెండు చెవుల్లోనూ మెషీన్లు పెట్టారు. మనిషి ఎదురుగా ఉంటే ఫర్వాలేదు గానీ, ఫోన్లో నీ గొంతు కళింగపట్నం సముద్రం హోరులా వస్తుంది, మధ్యమధ్య ఒకటీ అరా మాట తేలుతుంది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే సిగ్గు. చిన్నప్పుడు "ఏట్రా, సెప్పింది ఇనవేటి" అని నువ్వు వేసిన మొట్టికాయలు ఇంకా గుర్తే, 83 ఏళ్లొచ్చి మళ్లీ అదే మాట పడాలా అని.

చెవుల డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ఏం ఉద్యోగం చేసేవారు అని. చెప్పాను. ఇంకేం అడగలేదు.

నీ మనవడు కూడా అదే అడుగుతున్నాడు. భోగాపురం ఎయిర్‌పోర్టు మోజులో ఉన్నాడు కదా, తాత ఆ రోజుల్లోనే హెలికాప్టర్ నడిపాడంటే వాడికి అదో సినిమా. ఈ ఉత్తరం వాడి చేతే చదివించుకో, ఇద్దరికీ ఒకేసారి చెప్పినట్టుంటుంది.

సర్వీసులోంచి బయటికొచ్చి నేను ఆ కంపెనీలో చేరింది 1973లో. పొలాల మీద పురుగుమందు చల్లే పని. "మీ తమ్ముడు మందు కొట్టే ఉద్యోగంలో చేరాడట" అని ఊళ్లో ఎంత నవ్వారో నీకు తెలుసు. మాకిచ్చిన మిషన్ బెల్ 47. మామూలు జనం పనులకి వాడుకోవచ్చని అమెరికాలో మొట్టమొదట అనుమతి దొరికిన హెలికాప్టర్ అదే, 1946 మార్చి 8న, అంటే నాకంటే నాలుగేళ్లు చిన్నది. ముందు గాజుబుడ్డి లాంటి గది, పైన రెండే రెక్కలు, వెనక నిచ్చెన అడ్డంగా పడేసినట్టు ఇనప చట్రం తోక. ఇంజను సరిగ్గా మన వీపు వెనక. హెడ్‌సెట్ కింద పత్తి కూడా కుక్కుకునేవాణ్ణి, అయినా రాత్రి మంచం మీద పడుకుంటే చెవిలో ఇంజను తిరుగుతూనే ఉండేది. ఆ చప్పుడే చివరికి చెవులు తినేసింది.

నడపడం ఎలాగంటాడేమో మనవడు. ఎడమచేతిలో ఒక లివరు, అది పైకి లాగితే రెక్కల వాలు పెరిగి మిషన్ లేస్తుంది, కానీ రెక్కల మీద బరువు పడి తిరిగే వేగం తగ్గిపోతుంది కాబట్టి అదే లివరు చివర స్కూటర్ యాక్సిలరేటర్ లాంటి పిడి తిప్పుతూ ఇంజనుకి పెట్రోలు పెంచాలి, పెంచగానే ముక్కు కుడికి తిరుగుతుంది, దాన్ని ఎడమ కాలితో పెడల్ తొక్కి ఆపాలి, ఈలోగా కుడిచేతి కర్ర కదలకుండా కదులుతూ ఉండాలి. ఇప్పటి మిషన్లలో ఇందులో సగం కంప్యూటరే చూసుకుంటుంది. మాకు నెత్తి మీద బిందె, చంకలో బిందె పెట్టుకుని వంశధార గట్టెక్కే అమ్మే గురువు అనుకో.

ఎండాకాలం ఇంకో తంటా. గాలి వేడెక్కితే పలచబడుతుంది, పలచటి గాలిని పట్టుకుని రెక్కలు బరువు లేపలేవు. అందుకే తెల్లవారకుండానే మొదలుపెట్టేవాళ్లం, పది దాటితే ట్యాంకుల్లో మందు తగ్గించాల్సిందే. తలుపులు ఊడదీసి ఎగిరేవాళ్లం, లేకపోతే ఆ గాజుబుడ్డిలో వడియాల్లా ఎండిపోయేవాళ్లం.

ఇంజను ఆగిపోతే రాయిలా పడిపోతుందని అమ్మ భయపడేది కదా. అలా పడదు. లివరు వెంటనే కిందికి నొక్కేస్తే, కొండల వైపు గుగ్గిలం చెట్టు కాయ గిరగిరా తిరుగుతూ దిగినట్టు, కింది నుంచి తగిలే గాలికి రెక్కలు వాటంతటవే తిరుగుతూ దింపుతాయి. కానీ అందుకు కింద కాస్త ఎత్తుండాలి. మేం ఎగిరేది పత్తి మొక్కల మీద రెండు నిలువుల ఎత్తున. ఈ ముక్క అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు. కరెంటు తీగల సంగతి నీకూ చెప్పను.

నాకు వీటన్నిటికంటే ఎక్కువ గుర్తున్నది జెండా కుర్రాడు. చేను ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు, వెదురుకర్రకి పాత పంచె గుడ్డ కట్టుకుని నిలబడేవాళ్లు. నేను ఆ గుడ్డని చూసుకుంటూ తిన్నగా వాడి మీదికే వచ్చేవాణ్ణి, నెత్తి మీదికొచ్చేసరికి వాడు గట్టు పక్కన కూచుండిపోయేవాడు, నేను దాటగానే లేచి అడుగులు లెక్కపెట్టుకుంటూ పక్క సాలుకి జరిగేవాడు. మందు తుంపర వాడి మీద మంచులా దిగేది. ముఖానికి తువ్వాలు, అంతే. ఒకడికి పద్నాలుగేళ్లుంటాయేమో, సాయంత్రానికి కనురెప్పలు వాచి కళ్లు గీతల్లా అయిపోయేవి, జుట్టు అట్టకట్టి ఉండేది. ఒకరోజు పని అయ్యాక పక్క సీట్లో కూచోబెట్టి ఊరి చుట్టూ ఒక చుట్టు తిప్పాను. వాడు వాళ్ల ఇల్లేదో వెతుక్కుంటాడనుకున్నాను. వాడు నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు, "సార్, ఇక్కడ మందు పడదు కదా!" అని. అప్పుడు నాకు చెవులు బాగానే వినపడేవి.

మర్నాడు కూడా వాణ్ణే జెండాకి పెట్టారు. నేనేమీ అనలేదు.

1977లో ఇక్కడికొచ్చాక పని మారింది. సముద్రంలో నూనె బావుల దగ్గరికి మనుషుల్ని చేరవేయడం, రెండు ఇంజన్ల పెద్ద మిషన్లు, జీతమూ పెద్దదే. మా సీనియర్లు పాత కబుర్లు చెప్పేవాళ్లు. 1950 జూన్‌లో లివర్‌పూల్, కార్డిఫ్ మధ్య టిక్కెట్టు పెట్టి హెలికాప్టర్ సర్వీసు నడిపారట, ఎక్కేది ముగ్గురే, ఏడాది కూడా నిలవలేదు. ముగ్గురి టిక్కెట్లతో పెట్రోలు ఖర్చు వస్తుందా, మన ఊరి జట్కా అతన్ని అడిగినా చెప్పేవాడు.

2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్ అనే పురుగుమందుని ఆపేసిందని పేపర్లో చూశాను. కేరళలో కాసరగోడ్ జీడితోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టర్‌తోనే చల్లారు అది. మా డబ్బాల మీదా ఆ పేరే ఉండేది. నువ్వు పంపిన పలాస జీడిపప్పు డబ్బా ఆ రోజు టేబుల్ మీదే ఉంది, వారం దాకా ముట్టుకోలేదు. మీ ఆవిడ పిచ్చి అనలేదా అంటావు, అంది.

మనవడికి ఇదంతా నచ్చదేమో, వాడికి నచ్చే కథలు వేరే రాస్తాను. బావకి ఆపరేషన్ ఎప్పుడో కాగితం మీద రాసి పంపించు. ఆదివారం వీడియో కాల్ చేస్తాను, పెదాలు కదిలితే చూసి చాలావరకు పట్టుకోగలను. ఫోను మాత్రం చెవికి ఆనించుకోకు, పోయినసారి గంటసేపు నీ చెవి కమ్మే కనపడింది.

నీ తమ్ముడు