ఇంటివాళ్ళకి కుడితే బొటిక్ అయిపోతుందా?

ఏలూరు,
24-11-2025.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
కుట్టుమిషన్ల విభాగం.

విషయం: వారంటీలో ఉన్న కుట్టుమిషనుకి "బొటిక్ వాడకం" అని రాసి ఉచితంగా బాగుచేయడానికి నిరాకరించడం గురించి.

అయ్యా,

2024 ఆగస్టులో, శ్రావణమాసం ఆఫర్ అని మీ వెబ్‌సైట్‌లో చూసి, మోటారు జిగ్‌జాగ్ కుట్టుమిషను కొన్నాను. రెండేళ్ళ వారంటీ అన్నారు. అంటే ఇంకా తొమ్మిది నెలల గడువుంది. ఈ దసరా వెళ్ళాక జిగ్‌జాగ్ కుట్టు పాడైంది. మీ సర్వీస్ సెంటర్ నుంచి వచ్చిన అబ్బాయి మూత విప్పి చూసి, "హుక్ టైమింగ్ తప్పిందాంటీ, వారంటీలో అయిపోతుంది" అన్నాడు. వెళ్ళేముందు రిపోర్టులో మాత్రం వేరే రాశాడు: "బొటిక్ వాడకం. వారంటీ వర్తించదు. మరమ్మతుకి రూ. 3,850." పైగా విజిటింగ్ ఛార్జీ కింద రూ. 350 తీసుకున్నాడు.

నాకు బొటిక్ లేదు. టైలరింగ్ షాపు లేదు. మా గుమ్మం మీద బోర్డు లేదు. నేను కుట్టేది మా ఇంటివాళ్ళకి, అయినవాళ్ళకి. ఒక్క రూపాయి కుట్టుకూలి ఎవరి దగ్గరా తీసుకోలేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం 3,850 రూపాయలు కాదు, ఆ రిపోర్టులో రాసిన మాట.

అసలు రిపేరు సంగతి ముందు చెబుతాను. మీవాళ్ళకి ఫోన్ చేసిన ప్రతిసారీ "సూది మార్చి చూశారా మేడమ్, దారం సరిగ్గా ఎక్కించారా మేడమ్" అనే అడుగుతున్నారు కాబట్టి. సూది మార్చాను. కాటన్‌కి 14 నంబరు, పల్చటి గుడ్డకి 11 నంబరు, రెండూ కొత్తవే పెట్టి చూశాను. గుడ్డని నొక్కిపట్టే ఫుట్ పైకెత్తి, పై దారం మళ్ళీ మొదటినుంచి ఎక్కించాను. ఫుట్ దించి ఎక్కిస్తే దారం, దాన్ని బిగించే టెన్షన్ డిస్కుల మధ్యకి సరిగ్గా దిగదని మీ పుస్తకంలోనే ఉంది. సూదిపలక విప్పి, గుడ్డని జరిపే పళ్ళ కింద పేరుకున్న నూగు బ్రష్‌తో తీసేశాను. బాబిన్ మార్చాను. ఏం చేసినా లోపం అలాగే ఉంది. తిన్నని కుట్టు బాగానే పడుతోంది. జిగ్‌జాగ్ పెట్టేసరికి ఎడమవైపు దిగిన కుట్టు పడుతుంది, కుడివైపు దిగింది పడదు. సూది గుడ్డలోకి దిగి వస్తుంది, రంధ్రం కనిపిస్తుంది, కింది దారం మాత్రం అందుకోదు.

ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. సూది అడుగుదాకా వెళ్ళి కాస్త పైకి లేచేటప్పుడు దారం చిన్న ఉచ్చులా విచ్చుకుంటుంది. సరిగ్గా ఆ క్షణానికి అడుగున తిరిగే హుక్ మొన వచ్చి ఆ ఉచ్చుని పట్టుకోవాలి. పట్టుకుంటే కుట్టు, పట్టుకోకపోతే ఖాళీ. తిన్నని కుట్టుకి సూది ఒకేచోట దిగుతుంది కాబట్టి టైమింగ్ కాస్త అటూ ఇటూ అయినా నెట్టుకొస్తుంది. జిగ్‌జాగ్‌లో సూది పక్కలకి ఊగుతుంది గనక తేడా ఒకవైపు బయటపడిపోతుంది. మీ అబ్బాయి చెప్పిందీ ఇదే.

మీకు తేలిగ్గా తెలియడానికి ఒక గుడ్డముక్క ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్ల దారం వేసి కుట్టాను. మొదటి వరస మెకానిక్ రాకముందుది. ఎర్ర దారం ఎడమవైపు కుట్టుకుని, కుడివైపు గుడ్డని పట్టకుండా వదులుగా తేలుతూ ఉంటుంది, వేలు పెడితే లేచి వస్తుంది. రెండో వరస మెకానిక్ వెళ్ళాక కుట్టింది. ఇప్పుడు తిన్నని కుట్టు కూడా పోయింది. ముక్క తిప్పి చూడండి, అడుగున ఎర్ర దారం గుట్టలు గుట్టలుగా చిక్కుపడి ఉంది. అంటే సగం పనిచేసే మిషనుని విప్పి, రిపోర్టు రాసి, అసలు పనిచేయకుండా చేసి వెళ్ళారు. విజిటింగ్ ఛార్జీ దీనికా?

ఇక బొటిక్ సంగతి. ఆ రోజు మిషను పక్కన మంచం మీద కుట్టినవి, కుట్టవలసినవి దొంతరగా పెట్టి ఉన్నాయి. "ఇవన్నీ మీరే కుట్టారా ఆంటీ?" అన్నాడు. అవునన్నాను. "ఇన్ని ఊరికే ఎవరు కుడతారాంటీ?" అని నవ్వి, ఫోన్ తీసి మంచాన్ని ఫొటో కొట్టాడు. రిపోర్టు కోసమేమో అనుకుని కాఫీ కలపడానికి వెళ్ళాను. నిజంగా రిపోర్టు కోసమే.

ఆ ఫొటో మీ దగ్గర ఉంది కాబట్టి, అందులో ఏముందో నేను చెబుతాను. పైన ఉన్న చిన్న చిన్న జుబ్బాలు మా అక్క మనవడి బారసాలకి. కొత్త గుడ్డ చంటిపిల్లల ఒంటికి కరుకుగా ఉంటుందని నాన్నగారి పాత మల్లు పంచె చించి కుట్టాను. గుండీలు లేవు, వెనక ముడేసే తాళ్ళు. కుట్లు లోపల ఒరుసుకోకుండా బయటికి వచ్చేట్టు తిప్పి కుట్టినవి. ఏ బొటిక్‌లో పాత పంచెతో జుబ్బాలు కుట్టి అమ్ముతారో నాకు చూపించండి.

వాటి కింద పరికిణీ మా తమ్ముడి కూతురిది. నడుము దగ్గర లోపల రెండు మడతలు పెట్టి కుట్టాను. పిల్ల ఎదిగేకొద్దీ ఒక్కో మడత విప్పుకుంటారు. మెకానిక్‌కి అది తెలియనక్కర్లేదు. వ్యాపారం చేసేవాళ్ళు మాత్రం మూడేళ్ళు సరిపోయే పరికిణీ కుట్టరు, వచ్చే ఏడాది ఇంకోటి కుట్టించుకోమంటారు.

తెల్ల చొక్కాలు మా మావయ్యగారివి. ఆయనకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి లేవదు. మామూలు చొక్కా తొడగాలంటే ఇద్దరు కావాలి, ఆయనకి నొప్పి, తొడిగేవాళ్ళకి భయం. అందుకని కుడి భుజం మీంచి చంక కిందుగా నడుం దాకా విప్పి, టిచ్ బటన్లు పెట్టి కుట్టాను. చెయ్యి కదపకుండా ముందునుంచి కప్పి, పక్కన టకటకా నొక్కేస్తే సరి. ఎదురుగా మామూలు చొక్కాలాగే ఉండాలని ముందు కాజాలు, గుండీలు కూడా పెట్టాను. ఎవరైనా చూడ్డానికి వస్తే ఆయనకి అది ముఖ్యం. కాజాలు వేసేది జిగ్‌జాగ్‌తోనే కదా, ఆ చొక్కాల దగ్గరే పని ఆగిపోయింది. ఇప్పుడు మిగిలిన కాజాలు రాత్రిపూట చేత్తో కుడుతున్నాను.

బహుశా మీ అబ్బాయికి అనుమానం వచ్చింది సంచుల దగ్గర. ఒకే గుడ్డ, ఒకే కొలత, ఒకే పిడి, కట్టకట్టి ఉన్నాయి. చూస్తే ఆర్డరులాగే ఉంటుంది, ఒప్పుకుంటాను. అవి మా ఆడపడుచు గృహప్రవేశానికి వచ్చినవాళ్ళకి తాంబూలం పెట్టి ఇచ్చే సంచులు. పెడన కలంకారీ గుడ్డ ఒకే తానులోంచి తీసుకుంటే అన్నీ ఒకేలా రాక ఇంకెలా వస్తాయి? సంచులు చేతికిచ్చిన రోజు ఆవిడ నాకు బొట్టుపెట్టి, పసుపు కుంకుమ, జాకెట్టు గుడ్డ ఇచ్చింది. మీ లెక్కలో అది కుట్టుకూలి అయితే ఆ జాకెట్టు గుడ్డని కూడా నా ఆదాయంలో రాసుకోండి.

అన్నిటికన్నా అడుగున ఉన్న బొంత అసలు మీ మిషను మీద కుట్టలేదు. మా అత్తగారి పాత చీరలు పొరలుగా వేసి చేత్తో కుట్టింది. దాన్నీ ఫొటో తీసి "బొటిక్ వాడకం" కింద వేశారు.

మీ మిషను ఇంటికి వచ్చినప్పుడు డెమో ఇవ్వడానికి మీ కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చాలా ఓపికగా నేర్పింది, ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మొదట నేర్పింది ఏమిటో తెలుసా? జిప్పు పెట్టిన చిన్న పౌచ్. "పుట్టినరోజులకి ఇలాంటివి కుట్టి ఇవ్వండాంటీ, కొన్నవాటికన్నా బాగుంటాయి" అంది. మీరిచ్చిన పుస్తకంలో కుషన్ కవర్లు, ఏప్రన్లు, పిల్లల గౌన్లు, చేతిసంచుల కొలతలున్నాయి. పెట్టె మీద బొమ్మలో ఒక తల్లి కూతురికి గౌను కుడుతోంది. మిషను అమ్మేటప్పుడు అందరికీ కుట్టిపెట్టమని మీరే చెప్పి, బాగుచేయాల్సి వచ్చేసరికి "ఇంతమందికి ఎందుకు కుట్టావు" అంటే ఎలాగండీ?

వారంటీ కార్డు తెచ్చి మళ్ళీ చదివాను. "గృహ వినియోగానికి మాత్రమే" అని ఉంది. సూదులు, బల్బు, బెల్టు, బాబిన్లకి వారంటీ లేదని ఉంది. హుక్ ఆ జాబితాలో లేదు. నెలకి ఇన్ని బట్టలకి మించి కుట్టకూడదని గానీ, కుటుంబం అంటే ఇంతమందేనని గానీ ఎక్కడా లేదు. మా ఇంట్లో పెళ్ళిళ్ళూ బారసాలలూ ఎక్కువ, అది మా అదృష్టం.

నిజంగా బొటిక్ నడిపేవాళ్ళు ఈ మిషను కొనరు కూడా. వాళ్ళు బల్లకి బిగించిన పవర్ మిషన్లు పెట్టుకుంటారు. అవి నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేస్తాయి. మీ పెట్టె మీద రాసింది 800. అంచులకి వాళ్ళకి ఓవర్‌లాక్ మిషను వేరే ఉంటుంది. మా ఇంట్లో అలాంటివేమైనా కనిపించాయా అని మీ మెకానిక్‌నే అడగండి.

ఇక చట్టం మాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) ప్రకారం వాణిజ్య అవసరానికి కొన్నవాళ్ళు వినియోగదారులు కారు. కానీ అక్కడే వివరణ కూడా ఉంది: స్వయం ఉపాధితో తన జీవనోపాధి కోసమే ఒక వస్తువు కొని వాడుకుంటే అది వాణిజ్య అవసరం కిందికి రాదు. అంటే, భర్త పోయి, ఒక మిషను కొనుక్కుని ఇంట్లో జాకెట్లు కుట్టి పిల్లల్ని చదివించుకునే మనిషి కూడా ఆ చట్టం దృష్టిలో వినియోగదారే. మీ మెకానిక్ "బొటిక్" అని ఒక్క ముక్క రాస్తే అలాంటివాళ్ళు ఎంతమంది నోరు మూసుకుని డబ్బు కట్టేసి ఉంటారో అని నాకు అనుమానం. నేనైతే కూలికి కూడా కుట్టడం లేదు. వారంటీ కార్డులో షరతులు వేరు, చట్టం వేరు అని మీ లాయర్లు అనవచ్చు. కార్డు ప్రకారమూ నాది ఇంటి వాడకమేనని పైన రాశాను.

మీ టోల్‌ఫ్రీ నంబరుకి చాలాసార్లు ఫోన్ చేశాను. "సిస్టంలో అలా ఉంది మేడమ్, రిపోర్టు మార్చడం మా చేతిలో లేదు" అన్నారు. మెయిల్ పెడితే టికెట్ నంబరు వచ్చింది. ఆ తరవాత "మీ సమస్య పరిష్కరించాం, మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు" అని మెసేజ్ వచ్చింది. మిషను మాత్రం గుడ్డ కప్పి మూలన ఉంది. మీరు ఆన్‌లైన్‌లో అమ్మారు కాబట్టి 2020 ఈ-కామర్స్ నియమాలు మీకు వర్తిస్తాయి. వాటి ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆటోమేటిక్‌గా వచ్చే మెసేజ్ కాకుండా, మనిషి చదివి రాసిన జవాబు కావాలి.

నేను అడిగేవి పెద్ద కోరికలేమీ కాదు. ఆ రిపోర్టులో "బొటిక్ వాడకం" అన్న మాట కొట్టేసి, సరిదిద్దిన కాపీ నాకు పంపండి. పని తెలిసిన వేరే మెకానిక్‌ని పంపి టైమింగ్ ఉచితంగా సరిచేయించండి, మొదటాయన విప్పాక వచ్చిన లోపంతో సహా. విజిటింగ్ ఛార్జీ వెనక్కి ఇవ్వండి. మిషను పనిచేయకుండా పడి ఉన్న రోజులన్నీ వారంటీకి కలపండి. మా పడకగదిలో నన్ను అడగకుండా తీసిన ఫొటో మీ రికార్డుల్లోంచీ, ఆ అబ్బాయి ఫోన్లోంచీ తీసేయించండి. పిల్లాడి ఉద్యోగం మీదకి మాత్రం తేవద్దు. "వారంటీ కేసులు తక్కువ చూపించమంటారాంటీ" అని కాఫీ తాగుతూ తనే అన్నాడు. ఆ మాట ఎవరు అంటారో మీరే కనుక్కోండి.

నెల దాటితే ముందు వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కి, అక్కడా తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. 5 లక్షల రూపాయల లోపు కేసుకి ఫీజు లేదు, నేనుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. అంతదాకా రానివ్వరనే అనుకుంటున్నాను, ఎందుకంటే సంక్రాంతి దగ్గరకొచ్చేసింది. పిల్లల బట్టలు కత్తిరించి పెట్టుకుని కూర్చున్నాను.

మెకానిక్‌ని పంపేటట్టయితే మధ్యాహ్నం రెండు దాటాక పంపండి. అంతకుముందు మావయ్యగారికి ఫిజియోథెరపీ ఉంటుంది.

ఇట్లు,
మీ వినియోగదారురాలు
(సంతకం)

జత చేసినవి: ఇన్వాయిస్ నకలు, వారంటీ కార్డు నకలు, సర్వీస్ రిపోర్టు నకలు, విజిటింగ్ ఛార్జీ రసీదు, రెండు వరసలు కుట్టిన గుడ్డముక్క.