కొండ మీద మీ మామగారిని 'ఫర్వాలేదా' అని అడగకు

తెనాలి,
ఆగస్టు 21

చి.ల.సౌ. చిన్నమ్మకు నాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

నిన్న రాత్రి ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నాకు ఇదే ఆలోచన. వచ్చే నెల మీ అత్తగారు, మామగారు నార్వేకి, మీ స్టవాంగర్ వచ్చినప్పుడు ఒకరోజు ప్రైకెస్తూలెన్ కొండకి తీసుకెళ్తానన్నావు. "నువ్వు ఎక్కావు కదా నాన్నా, వాళ్ళూ ఎక్కేస్తారు కదా?" అని అడిగితే, "ఎక్కేస్తారులే" అనేశాను. నిజానికి నేనలా చెప్పకూడదు. పడుకున్నా నిద్ర పట్టలేదు. ఫోన్లో అయితే సగం మర్చిపోతానని పొద్దున్నే రాయడానికి కూర్చున్నాను.

పోయిన ఏడాది మనం ఆ కొండ దిగేటప్పుడు, పెద్ద బండలు పేర్చిన నిటారు దారి దగ్గర నేను పక్కకి జరిగి కూర్చున్నాను, గుర్తుందా? "ఇక్కడ చాలా బాగుందమ్మా, కాసేపు చూడనీ" అన్నాను. అప్పుడు నా కుడి మోకాలు వంగడం లేదు. అసలు నొప్పి ఎక్కేటప్పుడే, ఆ చిన్న చెరువుల దగ్గరే మొదలైంది. నువ్వు మూడుసార్లు "ఫర్వాలేదా నాన్నా?" అని అడిగావు. మూడుసార్లూ ఫర్వాలేదనే అన్నాను. నువ్వు సెలవు పెట్టుకున్నావు. అల్లుడు తెల్లవారుజామున లేచి పులిహోర కలిపాడు. అంత దూరం వచ్చి నా వల్ల అందరూ వెనక్కి తిరగాలా అనిపించింది. ఆ రోజు వాన పడి బండలు తడిసి ఉంటే నన్ను కిందికి దింపడానికి మీరిద్దరూ ఎంత అవస్థ పడేవారో ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. నీకు చెప్పకుండా దాచినందుకు నన్ను క్షమించు తల్లీ.

మీ మామగారు నాకంటే రెండేళ్ళు పెద్ద. అభిమానం నాకంటే ఎక్కువ. నువ్వు ఎన్నిసార్లు అడిగినా "ఫర్వాలేదమ్మా" అనే అంటారు. కోడలి ముందు కాళ్ళు నొప్పులని చెప్పుకునే మనిషి కాదు. అందుకని ఆయన్ని అడిగి తెలుసుకునే పని పెట్టుకోకు. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు తిరగాలో ఇంట్లోనే అనుకుని బయల్దేరండి.

బావగారు మొన్న కనిపించినప్పుడు, "ఏటా అలిపిరి నుంచి నడిచే తిరుమల ఎక్కుతున్నాను, 3,550 మెట్లు, నాకిదెంత?" అన్నారు. మాట నిజమే. కానీ ఆయన కొండ మీద నుంచి ఎప్పుడూ బస్సులోనే దిగుతారు. మోకాళ్ళకి అసలు పరీక్ష దిగేటప్పుడు. ప్రైకెస్తూలెన్‌లో దిగడానికి బస్సు లేదు, పోనూ రానూ దాదాపు 8 కిలోమీటర్లు ఒకటే దారి. తిరుమల దారిలో నెత్తిన కప్పు ఉంటుంది, అడుగడుగునా నీళ్ళు దొరుకుతాయి, కూర్చోవడానికి అరుగులుంటాయి. ప్రైకెస్తూలెన్ దారిలో బండలు, బురద నేల మీద వేసిన చెక్క వంతెన, మళ్ళీ బండలు. దారి మొదలయ్యే చోటు సముద్రమట్టానికి 270 మీటర్ల ఎత్తు, పైన రాతి అరుగు 604 మీటర్లు. ఎక్కాల్సింది ఆ తేడా ఒక్కటే అనుకుంటారు గానీ మధ్యలో దిగి మళ్ళీ ఎక్కేవి చాలా ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఎక్కాలి, ఆ సంగతి వాళ్ళకి ముందే చెప్పు.

ఆ రాతి మెట్లు పేర్చింది నేపాల్ నుంచి వచ్చిన షేర్పాలని నువ్వు చెప్పినప్పుడు నేను నిలబడిపోయాను. ఎక్కడి హిమాలయాలు, ఎక్కడి నార్వే! ఒక్కొక్క రాయినీ కదలకుండా ఎంత పొందికగా అమర్చారో. మామగారికి ఆ మాట చెప్పు, ఆయనకి అలాంటివి ఇష్టం. చెబుతూ ఆగితే కాళ్ళకి విశ్రాంతీ దొరుకుతుంది.

ఇక రోజు ఎలా గడవాలో నాకు తోచింది రాస్తాను. తేదీ ఒకటే పెట్టుకోకు. వాళ్ళు మూడు వారాలుంటారు కాబట్టి మూడు రోజులు ఖాళీగా ఉంచుకుని, ముందు రోజు సాయంత్రం వాతావరణం చూసి నిర్ణయించు. మీ ఊరి వాన సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. గాలీ వానా రెండూ ఉంటే ఇంట్లో కూర్చుని పకోడీలు వేసుకోండి. పొద్దున 7 గంటలకల్లా బయల్దేరితే, ఆ సొరంగం దాటి వెళ్ళి, 8:30కి నడక మొదలుపెట్టొచ్చు. 2019 చివర్లో తెరిచిన ఆ సొరంగం 14 కిలోమీటర్లకు పైనే ఉంది, సముద్రం అడుగున, సముద్రమట్టానికి 292 మీటర్ల లోతుకి దిగుతుంది. అంత లోతుకి దిగి, అదే పూట 604 మీటర్ల ఎత్తుకి ఎక్కుతామన్నది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మామూలుగా మొత్తం నడకకి 4 గంటలంటారు. మీరు 6 గంటలు పెట్టుకోండి. జూన్‌లో లాగా రాత్రి పదిన్నర దాకా వెలుగుండే రోజులు కావు, సెప్టెంబరు సగానికి 8 గంటలకే సూర్యుడు దిగిపోతాడు. పొద్దున్నే వెళ్తే జనమూ తక్కువ. కార్లు ఆపే చోటే అందరినీ టాయిలెట్‌కి వెళ్ళి రమ్మను, ఆ తర్వాత దారిలో నాకెక్కడా కనిపించలేదు.

ఆ చెరువుల దగ్గర తప్పకుండా ఆగాలి. సగం పైనే నడిచేసి ఉంటారు. అక్కడే భోజనం చెయ్యండి. పైకి వెళ్ళాక తిందామని దాచుకోవద్దు. అరగంట కూర్చున్నాక మామగారు లేచేటప్పుడు చెయ్యి ఊతం పెట్టుకుని లేస్తున్నారా, మామూలుగానే లేస్తున్నారా చూడు. రెండు మెట్లు దిగి చూపించమను. పక్కకి తిరిగి దిగుతున్నారంటే ఇంక పైకి వద్దు. బాగానే ఉన్నారనుకుంటే వెళ్ళండి, కానీ పన్నెండున్నర అయ్యేసరికి ఎక్కడ ఉంటే అక్కడి నుంచే వెనక్కి.

వెనక్కి తిరగడం ఆయనకి చిన్నతనంగా అనిపిస్తుందని నీ భయం. నార్వే వాళ్ళే దానికి మంచి మాట చెప్పుకున్నారు కదా. 1952 నుంచీ వాళ్ళకి కొండ నియమాలున్నాయనీ, ఇప్పుడున్న తొమ్మిదింటిలో ఎనిమిదోది 'వేళకి వెనక్కి తిరుగు, తిరగడంలో సిగ్గేమీ లేదు' అనీ నువ్వే నాకు చెప్పావు. పోయిన ఏడాది అది నేను విన్నాను గానీ పాటించలేదు. మామగారికి బయల్దేరే ముందు రాత్రే, అన్నం తినేటప్పుడు, మామూలు కబుర్లలా చెప్పు. కొండ మీద చెబితే ఆయన్నే అన్నట్టు ఉంటుంది.

అత్తగారి మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. ఆవిడని ఎక్కించవద్దు. మీ అమ్మ లాగే స్టవాంగర్ నుంచి పడవలో, ఆ కొండ కిందున్న లీసెఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ లోపలికి తీసుకెళ్ళు. నీళ్ళ మీద నుంచి తలెత్తి చూస్తే ఆ రాయి నిలువుగా నరికి పెట్టినట్టు కనిపిస్తుంది, అంచున మనుషులు ఆవగింజల్లా ఉంటారు. జలపాతం పక్కకి పడవని తీసుకెళ్ళి నీళ్ళు పట్టి తాగమని ఇచ్చారని మీ అమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. కొండెక్కలేదన్న దిగులు తనకి ఏ కోశానా లేదు. వీలైతే ముందు ఒకరోజు మామగారినీ పడవలోనే తీసుకెళ్ళు. కింద నుంచి ఆ కొండని చూసేసి ఉంటే, పైదాకా వెళ్ళలేకపోయినా ఆయనకి వెలితి ఉండదు.

అంచు గురించి నువ్వు గట్టిగానే ఉండాలి. అక్కడ రెయిలింగ్ లేదు. పాతిక మీటర్ల చదును బండ, అవతల ఏమీ లేదు, కింద నీళ్ళు. గాలి ఒక్కసారిగా వస్తుంది. ఆయన ఫొటో కోసం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుంటానంటే ఒప్పుకోకు. కిందికి చూడాలనుంటే దూరం నుంచే బోర్లా పడుకుని మెల్లగా పాకి చూడమను, అల్లుడు కాళ్ళు పట్టుకుంటాడు. నేనూ అలాగే చూశాను. బండలో ఆ పగులు చూసి ఆయన తప్పకుండా అడుగుతారు, ఎప్పుడైనా ఊడి పడుతుందా అని. పదివేల ఏళ్ళ కిందట మంచు ఆ బండని చీల్చి ఈ ఆకారం ఇచ్చిందనీ, ఎప్పటికో ఒకనాటికి అదీ పడేదే గానీ ఇప్పట్లో భయం లేదని పరిశీలించినవాళ్ళు అన్నారనీ చెప్పు.

ఇక్కడి పనులు నేను చూసుకుంటాను. ఆదివారం గుంటూరు వెళ్ళి బావగారికి గట్టి అడుగు ఉన్న బూట్లు కొనిపిస్తాను. కొత్త బూట్లతో అక్కడికి రాకూడదు, కాలు కరుస్తాయి. ఈ నాలుగు వారాలూ వారానికి రెండుసార్లు మంగళగిరి కొండ మెట్లు ఇద్దరం ఎక్కి, మెట్ల మీదుగానే దిగుతాం. అప్పుడే ఆయన మోకాళ్ళ సంగతి నాకు తెలుస్తుంది, నీకు రాస్తాను. నువ్వు అక్కడ ఊలు బనియన్ ఒకటి, చేతికర్రల జత ఒకటి కొని ఉంచు. నూలు బనియన్ చెమటకి తడిస్తే ఆరదు, పైన గాలికి వణుకు పుడుతుంది. బీపీ మాత్రలు డబ్బాలో కాకుండా ఆయన జేబులోనే ఉండేలా చూడు. ఏదైనా అయితే అంబులెన్స్‌కి 113 అని అల్లుడికీ గుర్తుండాలి.

చెరువుల దగ్గర ఆగినప్పుడు నాకు ఫోన్ చెయ్యి. పైకి వెళ్ళాక కాదు, అక్కడే. మీకు 10:30 అయితే మాకు మధ్యాహ్నం 2 గంటలు. నేను భోజనం చేసి ఫోన్ పక్కనే పెట్టుకుని ఉంటాను. మామగారికి ఇవ్వు, నేనే అడుగుతాను. నాతో అయితే ఆయన నిజం చెబుతారు. నా మోకాలి సంగతి ముందే ఆయనకి చెప్పి ఉంచుతాను.

ఆశీస్సులతో,
నాన్న