మా టీమ్ చెల్లికి, అమీర్‌పేట సార్‌కి, రాత్రుళ్ళు ఫోన్ ఎత్తిన అన్నకి

అందరికీ నమస్తే. ఇరవై ఏళ్ళకి పైగా మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) మీదే పనిచేసి ఈ ఏడాది లినక్స్ అనే వేరే సిస్టమ్‌కి మారా. మొన్న శుక్రవారం మా కొత్త బ్యాచ్ జాబ్ (వరసగా నడిచే ప్రోగ్రామ్‌లు) లెక్క, పాత సిస్టమ్ లెక్కతో పైసాతో సహా కలిసింది. అది కలవడానికి ముగ్గురు మనుషులు కారణం, వాళ్ళకి థాంక్స్ నలుగురి ముందే చెప్పాలనిపించి రాస్తున్నా, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

నేను 2001లో హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందులో ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీటూ అనే మెయిన్‌ఫ్రేమ్ విద్యలన్నీ నేర్చుకున్నా. అప్పటినుంచి అదే నా అన్నం. ప్రాజెక్ట్ మొత్తం లినక్స్‌కి వెళ్తోందని చెప్పినప్పుడు పని పోతుందన్న భయం కంటే, ఇన్నేళ్ళు చేతికొచ్చిన విద్య ఇక ఎవరికీ అక్కర్లేదేమో అన్న బాధే ఎక్కువైంది.

ముందు మా టీమ్ చెల్లి గురించి చెప్పాలి, వయసు ఇరవై నాలుగు. పాత ఫైల్‌ని ఎబ్సిడిక్ (మెయిన్‌ఫ్రేమ్ అక్షరాల కోడ్) నుంచి ఆస్కీకి (లినక్స్ వైపు కోడ్) మార్చి కొత్త ప్రోగ్రామ్‌కి ఇచ్చాం, పేర్లు అడ్రస్‌లు అన్నీ చక్కగా వచ్చాయి, డబ్బులు మాత్రం తేడా. రూ.123.45 ఉండాల్సిన చోట రూ.129.42 పడింది. మూడు రోజులు కోడ్ తిరగేశా, లాజిక్‌లో ఎక్కడా తప్పు లేదు. మూడో రోజు సాయంత్రం ఆ అమ్మాయి తన కుర్చీ లాక్కొచ్చి నా పక్కన కూర్చుని, "అన్నా, మీరు మెయిన్‌ఫ్రేమ్‌లో హెక్స్ ఆన్ అని కొట్టి ఫైల్‌లో అసలు బైట్లు చూసేవాళ్ళు కదా, లినక్స్‌లో దానికి ఎక్స్‌ఎక్స్‌డీ అనే కమాండ్ ఉంది, ముందు బైట్లు చూద్దాం" అంది. పాత ఫైల్‌లో 12 34 5సీ అని ఉంది, కొత్తదాంట్లో 12 94 2ఏ (హెక్స్‌లో 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు వాడతారు).

చూడగానే వెలిగింది. అది కాంప్-3, అంటే ప్యాక్డ్ డెసిమల్ అనే పద్ధతిలో దాచిన నంబర్, ఒక్కో బైట్‌లో రెండు అంకెలు, చివరి సగం బైట్‌లో ప్లస్సో మైనస్సో. 5సీ అంటే అక్కడ 5 అంకె, సీ అంటే ప్లస్. కానీ కన్వర్టర్‌కి అవి డబ్బులని ఎలా తెలుస్తుంది? ఎబ్సిడిక్‌లో 5సీ అంటే నక్షత్రం గుర్తు, ఆస్కీలో ఆ గుర్తు 2ఏ, కాబట్టి అది తన పని తాను చేసేసింది, 34ని కూడా 94 చేసింది. ఇందులో భయంకరమైన విషయం ఏంటంటే ప్లస్ మైనస్ గుర్తు ఉండే చోట 'ఏ' అనే అక్షరం ఉన్నా ప్లస్ కిందే లెక్క, అంటే 12942 కూడా సరైన నంబరే! మామూలుగా చెత్త డేటా తగిలితే ఎస్‌0సీ7 అనే ఎర్రర్‌తో జాబ్ పడిపోయి మనకి తెలిసిపోతుంది, ఇలాంటిదైతే అక్కడైనా ఇక్కడైనా ఏదీ పడిపోదు, తప్పు అంకె నవ్వుతూ ముందుకెళ్ళిపోతుంది. ఆ రాత్రే కాపీబుక్ (రికార్డులో ఏ ఫీల్డ్ ఎక్కడ, ఏ రకమో చెప్పే కోబాల్ వివరం) ముందు పెట్టుకుని, ఏ ఫీల్డ్ అక్షరాలు, ఏ ఫీల్డ్ ప్యాక్డ్, ఏది బైనరీ అని ఒక్కోటి విడదీసి మార్చాం. బైనరీవాటికి బైట్లు తిరగేసుకోవాలి కూడా, లేకపోతే రెండు బైట్ల ఫీల్డ్‌లో అక్కడి 1 ఇక్కడ 256 అవుతుంది. నాకు ఫీల్డ్‌లు తెలుసు, తనకి టూల్స్ తెలుసు. పదకొండింటికి క్యాబ్ వచ్చేదాకా తను లేవలేదు. చెల్లీ, ఆ మూడు గంటలు నేను మర్చిపోను.

అన్న అంటే నా పాత రూమ్మేట్, పదేళ్ళ కిందే మెయిన్‌ఫ్రేమ్ వదిలి లినక్స్ వైపు వచ్చేశాడు. రెండు ఫైళ్ళు కీ (రికార్డుని గుర్తుపట్టే ఫీల్డ్) మీద మ్యాచ్ చేసే ప్రోగ్రామ్‌లో సగం రికార్డులు కలవట్లేదని రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేస్తే, విసుక్కోకుండా "నీ కీలో అంకెలూ అక్షరాలూ రెండూ ఉన్నాయారా?" అని ఒకటే అడిగాడు. ఎబ్సిడిక్‌లో అంకెలు అక్షరాల తర్వాత వస్తాయి, ఆస్కీలో ముందొస్తాయి, ఒక ఫైల్ అక్కడ సార్ట్ అయింది, ఇంకోటి ఇక్కడ, వరసలు వేరయ్యేసరికి మ్యాచ్ తప్పిపోయింది. పైగా లినక్స్ సార్ట్ లొకేల్‌ని (భాష, ప్రాంతం సెట్టింగ్) బట్టి వరస మార్చుకుంటుందట, ఎల్‌సీ_ఆల్ అనే ఆ సెట్టింగ్‌ని సీ అని పెట్టి రెండూ ఇక్కడే మళ్ళీ సార్ట్ చెయ్యమన్నాడు. అంతే, కలిసిపోయాయి.

ఇక సార్. 2001లో నాకు జేసీఎల్ చెప్పిన సారే, ఇంకా అమీర్‌పేటలోనే ఉన్నారు, ఇప్పుడు లినక్స్ చెప్తున్నారు. ఆదివారం ఉదయం మెట్రో దిగి వెళ్ళి కలిస్తే పిల్లల బ్యాచ్‌లో వెనక బెంచీలో కూర్చోమన్నారు, ఫీజు ఇవ్వబోతే చెయ్యి పక్కకి నెట్టేశారు. ఆయన నాకు మొదటినుంచి మొదలుపెట్టలేదు. "జేసీఎల్‌లో ఏ ఫైల్ వాడాలో చెప్పే డీడీ స్టేట్‌మెంట్ రాసినోడివి, ఔట్‌పుట్‌ని ఫైల్‌కి మళ్ళించే రీడైరెక్షన్ నీకు కొత్తేం కాదు, స్టెప్ తర్వాత స్టెప్ రాసినోడివి, ఒక కమాండ్ ఔట్‌పుట్‌ని ఇంకోదానికి ఇచ్చే పైప్ కూడా అంతే" అంటూ నాకు తెలిసినదాని మీదే కట్టుకుంటూ వచ్చారు. తేడా ఉన్నచోట మాత్రం ఆపి గట్టిగా చెప్పారు: అక్కడ రిటర్న్ కోడ్ (పని అయ్యాక ప్రోగ్రామ్ ఇచ్చే నంబర్) 4 అంటే వార్నింగ్ అని సాగనిచ్చేవాళ్ళం, ఇక్కడ సున్నా కానిదేదైనా ఫెయిలే. ఫైల్‌లో మాట వెతికే గ్రెప్ కమాండ్, వెతికింది దొరక్కపోయినా 1 ఇస్తుంది. లాగ్‌లో ఎర్రర్ అన్న మాట గ్రెప్‌కి దొరకలేదని మా జాబ్ ఆగిపోయినప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. సార్, మీకు పాదాభివందనాలు.

మెయిన్‌ఫ్రేమ్ నుంచి ఇటు వస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే మొహమాటం లేకుండా మెసేజ్ పెట్టండి, ముఖ్యంగా ఫైల్ కన్వర్షన్ దగ్గర ఆగిపోతే. రాత్రి పదకొండున్నర అయినా పర్లేదు.

చెల్లి తనకి కాపీబుక్ చదవడం నేర్పమని అడిగింది, ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఈ శనివారం పదింటికి వచ్చేయమ్మా, రీడిఫైన్స్ (ఒకే చోటున్న డేటాని ఇంకో రకంగా చదివించే కోబాల్ మాట) నుంచి మొదలుపెడదాం.