కమ్యుటేషన్ ఫ్యాక్టర్ వెనకున్న మరణాల పట్టికను బయటపెట్టండి

సంపాదకుడు గారికి,

పెన్షన్‌లో కొంత భాగం వదులుకుని, దానికి బదులు ఒకేసారి సొమ్ము తీసుకోవడమే కమ్యుటేషన్. ఆ సొమ్ముకు బదులుగా నెలనెలా పెన్షన్‌లో పెట్టే కోత, అంటే రికవరీ, ఇప్పుడున్నట్టు 15 ఏళ్లు సాగాలా, సంఘాలు అడుగుతున్నట్టు 11 ఏళ్లకే ఆగాలా అన్న వివాదంపై గతవారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. సంఘాల నాయకుల మాటలు వేశారు, అధికారుల మాటలు వేశారు. వదులుకున్న ఏడాది పెన్షన్‌కు ఎన్ని రెట్లు చేతికివ్వాలో చెప్పే అంకె ఫ్యాక్టర్. అది ఎలా పుట్టిందో మాత్రం ఒక్క వాక్యం లేదు. గొడవంతా అక్కడే ఉంది.

ఆరో వేతన సంఘం సిఫార్సు మీద 2008లో కేంద్రం ఇచ్చిన పట్టికలో, 60 ఏళ్లకు రిటైరైనవారికి, అంటే తర్వాతి పుట్టినరోజుకు 61 నిండేవారికి, ఫ్యాక్టర్ 8.194. అంతకుముందు అదే వయసుకు 9.81 ఉండేది. పాతది 4.75 శాతం వడ్డీ మీద కట్టారు. కొత్తదానికి 8 శాతం వడ్డీ, ఎల్ఐసీ 94-96 అల్టిమేట్ మోర్టాలిటీ టేబుల్ (ఏ వయసులో ఎందరు చనిపోతారో చెప్పే మరణాల పట్టిక) తీసుకున్నారు. బేసిక్ పెన్షన్ 50 వేలున్న మనిషి 40 శాతం, అంటే నెలకు 20 వేలు కమ్యూట్ చేస్తే చేతికొచ్చేది 19,66,560 రూపాయలు. 15 ఏళ్లు బతికితే పోయేది 36 లక్షలు.

మరణాల సంగతి పక్కనపెట్టి, దీన్ని మామూలు అప్పులా లెక్కకట్టి చూడండి. 8 శాతం వడ్డీకి 13 ఏళ్లలో తీరుతుంది. 7 శాతమైతే 12 ఏళ్లు. 11 ఏళ్లకే తీరాలంటే వడ్డీ 6 శాతంలోపు ఉండాలి, కాబట్టి సంఘాలు పట్టుకున్న 11 కూడా గట్టి లెక్క కాదు. మరి 8 శాతం దగ్గర మిగిలే ఆ రెండేళ్లు దేనికి? మధ్యలో చనిపోయినవారి బాకీ ప్రభుత్వం వదిలేస్తుంది, ఫ్యామిలీ పెన్షన్‌లో కోత పెట్టదు. ఆ భారం బతికున్నవాళ్ల మీద పడుతుంది. అందులో తప్పులేదు. కానీ ఎంతమంది చనిపోతారని అనుకుని ఆ భారం వేశారు?

94-96 పట్టిక ముప్పై ఏళ్ల నాటిది. బీమా కంపెనీలే దాన్ని ఎప్పుడో వదిలేశాయి. 2019 ఏప్రిల్ నుంచి 2012-14 పట్టిక వాడుతున్నాయి. పైగా అది జీవిత బీమా పాలసీదారుల పట్టిక. బీమాలో మరణాలు కాస్త ఎక్కువగా అనుకోవడం జాగ్రత్త, పెన్షన్‌లో అదే అనుకుంటే ఫ్యాక్టర్ తగ్గిపోతుంది. అందుకే యాన్యుటీ, అంటే బీమా కంపెనీ నుంచి జీవితాంతం వచ్చే పెన్షన్, తీసుకునేవారికి విడిగా 2012-15 పట్టిక తయారుచేసి 2021 ఏప్రిల్ నుంచి అమల్లో పెట్టారు. ప్రభుత్వ పెన్షనర్లకు మాత్రం పాతదే గతి.

ఇంకో చిక్కుంది. సుప్రీంకోర్టు 1986 తీర్పుకు ముందు ఈ కోత జీవితాంతం ఉండేది. ఫ్యాక్టర్ ఇప్పటికీ ఆ జీవితకాలపు లెక్కే, కోత మాత్రం 15 ఏళ్లకు ఆగుతోంది. దీనివల్ల తనకే నష్టమని ప్రభుత్వం అనదలిస్తే అనవచ్చు, కానీ లెక్క చూపించి అనాలి. ఐదో వేతన సంఘం 12 ఏళ్లు చాలంది. కేరళ 12 ఏళ్లకే పూర్తి పెన్షన్ ఇస్తోంది. రిటైర్మెంట్ ఆంధ్రప్రదేశ్‌లో 62కి, తెలంగాణలో 61కి పెరిగింది. కేంద్ర పట్టిక ప్రకారం 62కి దిగినవారి ఫ్యాక్టర్ 7.982, అది 8 శాతానికి పన్నెండున్నరేళ్లలోనే తీరే బాకీ. ఆలస్యంగా దిగినవాడికి డబ్బు తగ్గుతోంది, 15 ఏళ్లు మాత్రం తగ్గడం లేదు.

ఏం అడిగినా మన కార్యాలయాల్లో వచ్చే జవాబు ఒక్కటే: నిబంధనల ప్రకారం. జీవోకి ఫ్యాక్టర్ల జాబితా జతచేస్తారు, దాని వెనకున్న వయసువారీ మరణాల రేట్లు రాయరు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆపే శాఖకు, ఏ వయసులో ఎందరు పోయారో తెలియదా? ఆ రికార్డులు యాక్చువరీకి, అంటే బీమా, పెన్షన్ లెక్కలు కట్టే నిపుణుడికి, ఇస్తే మన పెన్షనర్ల పట్టికే తయారవుతుంది, మగవారికీ ఆడవారికీ విడివిడిగా.

ఎనిమిదో వేతన సంఘం ముందుకు వెళ్లే సంఘాలు 11, 12 అంకెల కోసం కొట్లాడటం మాని ముందు ఈ పట్టిక అడగాలి. రెండు రాష్ట్రాల ఆర్థిక శాఖలు కూడా తాము వాడుతున్న వడ్డీ రేటు, మోర్టాలిటీ టేబుల్ పేరు, వయసువారీ రేట్లతో సహా జీవోలోనే ప్రచురించాలి.

— ఒక విశ్రాంత ట్రెజరీ ఉద్యోగి, రాజమహేంద్రవరం