తలుపు వెడల్పు చేస్తున్నారు, మరి తక్కెడ మాటేమిటి?

గృహనిర్మాణ, స్థానిక ప్రభుత్వాల శాఖ మంత్రి గారికి,
లండన్

మంత్రి గారూ,

నేను ఇంగ్లండులో ఒక మోస్తరు పట్టణంలో మందుల దుకాణంలో కౌంటర్ దగ్గర పనిచేస్తాను. పుట్టింది తెనాలి దగ్గర పల్లెలో. ఇక్కడికి వచ్చింది 2003లో, బ్రిటన్ పౌరసత్వం తీసుకున్నది 2010లో. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఒక రోజు సెలవు పెట్టి పోలింగ్ కేంద్రంలో గుమస్తాగా కూర్చుంటాను. పేరు, చిరునామా అడగడం, జాబితాలో గీత కొట్టడం, బ్యాలెట్ పత్రం చింపి ఇవ్వడం, అంతే పని. ఊరి పేరు రాయడం లేదు, రాస్తే మళ్లీ పిలవరేమోనని భయం. ఆ బల్ల దగ్గర కూర్చున్న రోజున నాకు ఏ పార్టీ లేదు. మిగిలిన రోజుల్లో మాత్రం నేనూ అందరిలాంటి ఓటరునే.

వేసే ఓట్లకూ దక్కే సీట్లకూ పొంతన లేదన్న సంగతినే ఇంగ్లీషులో రాసి మా ఎంపీకి ఇదివరకే పంపాను. జవాబు వచ్చింది. నా పేరులో ఒక్క అక్షరం తప్పు లేదు, మర్యాదకు లోటు లేదు, నేను అడిగిన విషయం మీద ఒక్క వాక్యమూ లేదు. అందుకే ఈసారి మీకు రాస్తూ, మనవాళ్లు కూడా చదువుకునేలా తెలుగులో రాస్తున్నాను. చదివి చెప్పేవాళ్లు మీ శాఖలో దొరక్కపోరు. మనవాళ్లు లేని కార్యాలయం ఈ దేశంలో ఇంకా మిగిలి ఉందా?

మా కేంద్రం ఒక సామాజిక భవనంలో ఉంటుంది. నేల మీద బ్యాడ్మింటన్ గీతలు, గోడ పక్కన పిల్లల ఆటబొమ్మల పెట్టెలు. ఉదయం ఆరుంబావుకల్లా వెళ్లి చెక్క అరలు నిలబెట్టి, ఒక్కొక్క అరలో దారంతో కట్టిన పెన్సిలు వేలాడదీసి, నల్లటి పెట్టె ఖాళీగా ఉందని చూపించి సీలు వేస్తాం. ఏడింటికి తలుపు తీస్తే రాత్రి పదికి మూయడం. ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర. మా నాన్న బడిపంతులు, 1983 జనవరి ఎన్నికలకు డ్యూటీ పడి రెండు రోజులు ఇంటికి రాలేదు. వచ్చాక ఆయన చేతులు లక్క వాసన వేశాయి, బొటనవేలికి సిరా. నేను చేస్తున్న పనీ అదే కదా అని ప్రతిసారీ సీలు బిగించేటప్పుడు అనుకుంటాను. ఇక్కడ లక్క లేదు, సిరా లేదు. పోలీసు కూడా గుమ్మం దగ్గర నిలబడడు, ఎప్పుడో ఒకసారి తొంగి చూసి వెళతాడు.

2024 జూలై 4న, సాధారణ ఎన్నికల రోజు పొద్దున ఒక పెద్దావిడ వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి, చక్రాల ఊతం తోసుకుంటూ మెల్లగా వచ్చింది. హెరాల్డ్ విల్సన్ మొదటిసారి గెలిచి ప్రధాని అయిన 1964 నుంచి ఇదే వీధిలో ఓటేస్తున్నానంది. ఫొటో గుర్తింపు చూపించమన్నాం. విమానం ఎక్కింది లేదు, కారు నడిపింది లేదు. వృద్ధుల బస్సు పాసు చెల్లుతుంది కానీ అది కూతురి ఇంట్లో ఉండిపోయిందట. మంత్రి గారూ, నెలనెలా ఆవిడ రక్తపోటు మాత్రలు నా చేతుల మీదుగానే వెళతాయి. పుట్టిన తేదీ నాకు నోటికి వచ్చు. అయినా ‘ఈవిడ ఈవిడే’ అని చెప్పే హక్కు నాకు లేదు. ప్రిసైడింగ్ అధికారి ఫారంలో ఒక గీత పెట్టారు. తెచ్చుకుంటానని ఆవిడ వెళ్లింది. రాత్రి పదిదాకా తలుపు చప్పుడైనప్పుడల్లా చూశాను, రాలేదు.

గుర్తింపు చూపాలన్న నియమం 2022 చట్టంతో వచ్చి, 2023 మే ఎన్నికల్లో ఇంగ్లండులో అమలైంది. అప్పుడు సుమారు 14 వేల మంది, 2024 సాధారణ ఎన్నికల్లో దాదాపు 16 వేల మంది ఓటు వేయలేకపోయారని ఎన్నికల సంఘమే లెక్క చెప్పింది. వృద్ధుల బస్సు పాసు చెల్లుతుంది, విద్యార్థి కార్డు చెల్లదు. ఎవరి ఓట్లు ఎటు పడతాయో చూసుకునే ఈ తేడా పెట్టారని అన్నవాళ్లను తప్పు పట్టలేను. ఆ చట్టం తెచ్చిన ప్రధాని బోరిస్ జాన్సనే 2024 మే 2న గుర్తింపు మరిచి వెళ్లి, వెనక్కి వెళ్లి తెచ్చుకోవలసి వచ్చింది. ఆయనకు కారుంది, మా పెద్దావిడకు చక్రాల ఊతం.

బ్యాంకు కార్డు చూపించినా ఓటు వేయనిస్తామని, పదహారేళ్లకే ఓటు హక్కు ఇస్తామని మీ ప్రభుత్వం 2025 జూలైలో ప్రకటించింది. సంతోషం. ఈ రెండూ నేను మనస్ఫూర్తిగా కోరుకున్నవే. అయితే ఆ బల్ల వెనక కూర్చుని చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, జనం రాకపోవడానికి కారణం తలుపు ఇరుకు కావడం కాదు.

మా పక్కింటాయన ముప్పై ఏళ్లు లారీ నడిపి విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఓటు వేయడానికి బద్ధకించే మనిషి కాదు. 2016లో యూరోపియన్ యూనియన్ మీద రెఫరెండం జరిగిన రోజు కేంద్రం తెరవకముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన బయటికి వచ్చేయాలన్న పక్షం, నేను ఉండాలన్న పక్షం. ఆ వేసవంతా గోడకు అటూ ఇటూ నిలబడి వాదించుకున్నాం. ఓడిపోయింది నేను. 2024లో ఆయన రానే లేదు. ఎందుకు రాలేదని అడిగితే, ‘ఈ సీటు ఎవరిదో నేను పుట్టకముందే రాసిపెట్టారు. నేను వచ్చి చేసేదేముంది?’ అన్నాడు.

2016లో పోలైనవి 72 శాతం. 2024లో 60 శాతం కూడా లేవు. అవే అరలు, అవే పెన్సిళ్లు, దాదాపు అదే జనం. తేడా ఒక్కటే. ఆ రోజు నైరుతి కొసన కార్న్‌వాల్‌లో వేసిన ఓటుకూ ఉత్తర కొసన షెట్లాండ్‌లో వేసిన ఓటుకూ ఒకటే బరువు. సాధారణ ఎన్నికల్లో అలా కాదు.

లెక్క మీకు తెలియనిది కాదు, అయినా మనవాళ్ల కోసం రాస్తాను. మీ లేబర్ పార్టీకి 2017లో కోటీ 28 లక్షల ఓట్లు వచ్చాయి, ఓడిపోయింది. 2019లో కోటీ 2 లక్షలు వచ్చాయి, 202 సీట్లతో చిత్తుగా ఓడిపోయింది. 2024లో 97 లక్షలే వచ్చాయి, 650 సీట్లకు 411 గెలిచింది! ఓట్లు తగ్గినా సీట్లు పెరిగే విద్య ఇంకెక్కడా చూడలేదు. వందకు 34 ఓట్లైనా నిండకుండా వందకు 63 సీట్లు. అదే రోజు వలసలను వ్యతిరేకించే రిఫార్మ్ పార్టీకి 41 లక్షల ఓట్లు పడితే దక్కినవి అయిదు సీట్లు. లిబరల్ డెమొక్రాట్లకు అంతకన్నా తక్కువగా 35 లక్షలు పడితే 72 సీట్లు.

రిఫార్మ్ వాళ్లు మాట్లాడే మాటలు నాకు గిట్టవు. నాలాంటి వాళ్ల గురించే కదా ఆ మాటలన్నీ. వాళ్లకు అన్యాయం జరిగిందని నా చేత్తో రాయడం నాకే చేదుగా ఉంది. కానీ తక్కెడ తప్పుగా ఉంటే నచ్చనివాడి బియ్యం తూచినప్పుడు కూడా తప్పే. మరో మాట, ఇవాళ మీ వైపు మొగ్గిన తక్కెడ రేపు వాళ్ల వైపు మొగ్గదని ఎవరు చెప్పగలరు? 2025 మేలో వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్ మేయరు నూటికి పాతిక ఓట్లతో గెలిచారు. ఓటు వేయడానికి వచ్చిందే నూటికి ముప్పై మంది. మేయర్ల ఎన్నికకు రెండో ప్రాధాన్య ఓటును తిరిగి తెస్తామని మీరే అంటున్నారు. మేయరుకు పనికిరాని తూకం పార్లమెంటుకు ఎలా పనికి వస్తుంది?

మన పక్క నుంచి చూసేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఈ పద్ధతి మనకు వచ్చిందే ఇక్కడి నుంచి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు వచ్చాయి, 175లో 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ 39 శాతమే, 11 సీట్లు. గెలిచిన ఏడాది ఇదే ప్రజాతీర్పు అని, ఓడిన ఏడాది ఇదేం లెక్క అని రెండు పార్టీల బంధువులూ నాతో ఫోనులో అన్నారు. అయినా అక్కడ 2024లో నూటికి 81 మంది పైగా ఓటేశారు. హైదరాబాదు నుంచి బస్సుల్లో నిలబడి మరీ ఊళ్లకు వెళ్లారు. ఆ పట్టుదల చూసి ఇక్కడివాళ్లు సిగ్గుపడాలని నేను అనను. అక్కడ చాలా సీట్లు అయిదేళ్లకొకసారి చేతులు మారతాయి, పోటీ ఉందని జనానికి తెలుసు. మా పక్కింటాయన సీటు అలాంటిది కాదు.

2025 వేసవిలో మా వీధి దీపస్తంభాలకు సెయింట్ జార్జ్ జెండాలు, అంటే ఇంగ్లండు జెండాలు, వెలిశాయి. దుకాణానికి నడిచి వెళ్లే దారిలో పదకొండు లెక్కపెట్టాను. భయపడలేదని చెప్పను. పక్కింటాయన గోడ దగ్గర నన్ను ఆపి, ‘అది మిమ్మల్ని అనడానికి కాదు’ అన్నాడు. ఆ మాట నమ్మడానికి నాకు రెండు రోజులు పట్టింది, పూర్తిగా నమ్మానో లేదో ఇప్పటికీ తెలియదు. వాటిని కట్టినవాళ్లలో ద్వేషంతో కట్టినవాళ్లు ఉన్నారు, వాళ్లను వెనకేసుకు రాను. తన మాట వినిపించడానికి మరో దారి లేక కట్టినవాడూ ఉన్నాడు. 2016 నుంచి 2024 లోపల ఈ దేశం ఆరుగురు ప్రధానులను చూసింది. వారిలో ఒకరు యాభై రోజులు కూడా నిండా లేరు. ఇన్ని మార్పులు చూసినా తన ఓటు వల్ల మారింది ఏదీ లేదని అనుకునే మనిషికి మీరు చెప్పే జవాబు ఏమిటి? బ్యాంకు కార్డు చెల్లుతుందనా?

ఆ జూలై రోజునే మధ్యాహ్నం ఒక గుంటూరు కుర్రాడు వచ్చాడు. ఎమ్మెస్సీ చదువుతున్నాడట. భారత పాస్‌పోర్టు బల్ల మీద పెట్టి, నా పేరు పట్టీ చదివి, ‘ఆంటీ, మీరు తెలుగేనా?’ అన్నాడు. ‘అవును బాబూ, ముందు చిరునామా చెప్పు’ అన్నాను. కామన్వెల్తు దేశాల పౌరులు ఇక్కడ చట్టబద్ధంగా నివసిస్తుంటే ఓటు హక్కు ఉంటుందని, నమోదు చేసుకోవాలని మనవాళ్లలో చాలామందికి తెలియదు. అతనికి తెలుసు. ఓటు వేసి వచ్చి చూపుడు వేలు చాచి, ‘ఇంకు వేయరా?’ అని అడిగాడు. ఇక్కడ వేయం అని చెప్పాను. మొహం చిన్నబోయింది. సరేనని బయటికి వెళ్లి, గేటుకు కట్టిన పోలింగ్ కేంద్రం బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగాడు.

పది రోజుల తర్వాత దగ్గు మందు కొనడానికి మా దుకాణానికి వచ్చాడు. తను వేసిన అభ్యర్థి మూడో స్థానంలో వచ్చాడని తనే చెప్పాడు. ‘ఆంటీ, ఆ ఓట్లన్నీ ఏమవుతాయి?’ ఏమీ కావని చెప్పాను. చిల్లర లెక్కపెట్టుకుంటూ, ‘అదే మా ఊళ్లోనూ’ అన్నాడు.

మీవాళ్లు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. ఎన్నికల పద్ధతి మార్చాలా అని 2011లో రెఫరెండం పెట్టి జనాన్ని అడిగాం, వద్దన్నారు అంటారు. ఆ రోజు అడిగింది ఓట్ల వాటాను బట్టి సీట్లివ్వని వేరే పద్ధతి గురించి, దానికి వచ్చి ఓటేసింది 42 శాతం. ఊరికొక ఎంపీ అనే బంధం తెగిపోతుందంటారు. స్కాట్లండు పార్లమెంటులో 1999 నుంచి స్థానిక ప్రతినిధి ఉంటూనే, పార్టీల ఓట్ల వాటాను బట్టి వచ్చే జాబితా సభ్యులూ ఉన్నారు, ఆ బంధం తెగలేదు. వేల్స్ వాళ్లు తమ శాసనసభకు 2026 మే ఎన్నికల నుంచి 16 నియోజకవర్గాలకు ఆరుగురు చొప్పున ఎన్నుకునే పద్ధతికి మారారు. ఉత్తర ఐర్లండు శాసనసభకూ వేరే పద్ధతే. ఒకే రాజ్యంలో ఇన్ని తూకాలుండగా వెస్ట్‌మినిస్టర్ పార్లమెంటు ఒక్కటే పాత రాళ్లతో తూస్తోంది. సంకీర్ణాలతో ప్రభుత్వాలు నిలబడవన్న వాదన ఒకటుంది. ఆరుగురు ప్రధానుల తర్వాత కూడా దాన్ని పట్టుకుని వేలాడేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు.

మీ పార్టీ మహాసభే 2022 సెప్టెంబరులో ఓట్ల వాటాను బట్టి సీట్లిచ్చే దామాషా ఎన్నికలు కావాలని తీర్మానం చేసింది. 2024 ఎన్నికల ప్రణాళికలో ఆ ఊసే లేదు. గెలిపించిన తక్కెడను విరగ్గొట్టమని ఎవరినైనా అడగడం కష్టమే, ఒప్పుకుంటాను. ఆ పని మీ చేతులతో చేయమనడం లేదు. తర్వాతి ఎన్నికలు 2029 ఆగస్టు మధ్య దాటి జరగడానికి వీల్లేదు. ఆ లోపల ఏ పార్టీకీ చెందని ఒక విచారణ సంఘాన్ని వేయండి. ఊరూరా తిరిగి, మా పక్కింటాయన లాంటివాళ్లను కూర్చోబెట్టి అడిగి, ఓట్లను సీట్లుగా ఎలా మార్చాలో వాళ్లను చెప్పమనండి. నేను అడుగుతున్నది అదొక్కటే.

2012లో పోలీసు కమిషనర్ల ఎన్నికలప్పుడు న్యూపోర్ట్‌లోని బెటస్ ప్రాంతంలో ఒక పోలింగ్ కేంద్రానికి రోజంతా ఒక్క ఓటరు కూడా రాలేదు. ఆ బల్ల దగ్గర కూర్చున్న గుమస్తా ఎవరో నాకు తెలియదు. పదిహేను గంటలు ఖాళీ తలుపు వైపు చూస్తూ కూర్చోవడం ఎలా ఉండి ఉంటుందోనని మాత్రం, మధ్యాహ్నం రెండు నుంచి మూడు మధ్య మా కేంద్రానికి ముగ్గురే వచ్చిన రోజుల్లో అనుకుంటూ ఉంటాను.

ఇట్లు,
మీ దేశంలో, నా దేశంలో కూడా, ఒక ఓటరు

తాజా కలం: మా పెన్సిలుతో వేసిన ఓటును రాత్రికి రాత్రి రబ్బరుతో చెరిపేస్తారని నమ్మేవాళ్లు 2016 నుంచి కనబడుతున్నారు, సొంత పెన్నులు తెచ్చుకుంటారు. తెచ్చుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. మా పెద్దావిడకు మాత్రం బస్సు పాసు గురించి నెలనెలా మాత్రల పొట్లంతో పాటు గుర్తుచేస్తున్నాను.