టార్చిలైటు తెచ్చిన తంటా

ఒంగోలు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సీనూ,

ఎట్లా ఉన్నావురా? నెల్లూరు పోయాక మమ్మల్ని మర్చిపోయావని మా ఆవిడ రోజూ దెప్పుతా ఉంది. దాని సంగతి తర్వాత, ముందు నేను చేసిన వెధవపని విను.

పోయినేడు కొట్లోకి రెండు దొంగ 500 నోట్లు వచ్చాయని చెప్పాను కదా. ఆ మంట మీద ఒక యూవీ టార్చి కొన్నా, అంటే అతినీలలోహిత కాంతి వేసేది. ఆ లైటు కింద అసలు నోటు కాగితం చప్పగా ఉంటుంది. నంబర్లు, కాగితంలోని సన్నటి పోగులు మాత్రం మెరుస్తాయి. మామూలు తెల్లకాగితంలో తెల్లదనం కోసం ఒక మందు కలుపుతారు కాబట్టి, దాని మీద అచ్చేసిన దొంగనోటు మొత్తం నీలంగా వెలిగిపోతుంది. ఇంతవరకే తెలుసు నాకు. ఆ కాస్త చదువుతోనే గల్లాపెట్టె దగ్గర దర్జాగా కూర్చున్నా.

సంతనూతలపాడు నుంచి ఒక పెద్దాయన వస్తాడు, మా నాన్న ఉన్నప్పటినుంచీ మన కొట్టే. ఆయన ఇచ్చిన నోటు మీద లైటు వేస్తే ఆ మూల నుంచి ఈ మూల దాకా నీలం! "ఇది చెల్లదు పెద్దాయనా" అన్నా, నలుగురి ముందరే. ఆయన ఒక్క మాట అనలేదు. నోటు మడిచి పంచె అంచున దోపుకొని, తీసుకున్న పప్పు సంచి కౌంటరు మీదే పెట్టి వెళ్లిపోయాడు.

వారం తిరక్కముందే మా ఆవిడ నా చొక్కా ఉతికింది, జేబులో 500తో సహా. ఆరబెట్టి, సరదాకి లైటు వేశా. చొక్కా, నోటు రెండూ ఒకటే వెలుగు! బ్యాంకులో నా చేత్తో నేను తెచ్చుకున్న నోటురా అది. గుండె జారిపోయింది.

సబ్బుపొడిలోనూ అదే మందు ఉంటుందట, ఆప్టికల్ బ్రైటెనర్ అంటారు. కంటికి కనపడని యూవీని మింగి నీలంగా వదులుతుంది. ఎండలోనూ యూవీ ఉంటుంది కాబట్టి పసుపు తేలిన బట్ట కూడా తెల్లగా కనిపిస్తుంది. మురికి పోయి తెలుపు వచ్చిందనుకుంటాం గానీ, సగం తెలుపు ఈ అద్దకమే! మన కొట్టు భాషలో చెప్పాలంటే పెద్దనోటు తీసుకొని, కమీషన్ పట్టుకొని, మిగతాది చిల్లరగా ఇవ్వడం. కమీషన్ వేడిగా పోతుంది, ఆ చిల్లరే మనకు కనిపించే రంగు.

ఇక పిచ్చి పట్టిందనుకో. మొదటి టార్చి వెలుగు అల పొడవు 395 నానోమీటర్లు, దాని ఊదారంగే అంతా కమ్మేస్తుంది. అందుకని మూతికి నల్లగాజు ఉన్న 365ది తెప్పించా. కనిపించే వెలుగును ఆపి యూవీని వదిలే ఆ నల్లగాజు 1903లో రాబర్ట్ వుడ్ అనే అమెరికా ఆయన చలవట. రాత్రి కరెంటు పోయినప్పుడు వంటింటి మీద పడ్డా. కరోనా నాటి శానిటైజర్ అడుగున మిగిలితే అందులో చిటికెడు పసుపు వేశా. ఆకుపచ్చ కలిసిన పసుపురంగు, చీకట్లో దీపం పెట్టినట్టే. పాలకూర నలిపి వేస్తే ఆకుపచ్చటి నీళ్లు కాస్తా నెత్తురంత ఎరుపు! నాటుకోడి గుడ్డు పెంకు కూడా ఎర్రగానే. బీ కాంప్లెక్స్ మాత్ర పసుపు, వాజలిన్ నీలం. మా ఆవిడ మాత్రం "గుడ్డు కింద పెట్టు, పగిలిందంటే నీకే వేసి పెడతా" అంది.

చీమకుర్తి నుంచి తెచ్చిన గ్యాలక్సీ గ్రానైటు ముక్క మీద ఎంతో ఆశగా వేశా. ఏమీ లేదు, కారునలుపు. అందులో బంగారు చుక్కలు వెలుతురుని అద్దంలా తిప్పికొడతాయంతే, సొంతంగా వెలగవు.

ఇప్పుడు నీ గురించి. ఆరో తరగతిలో తేలు కుట్టి రాత్రంతా ఏడ్చావు, గుర్తుందా? పోయిన అమావాస్యకి ఊరికి పోయి మన పాతింటి వెనక రాళ్లకుప్ప మీద లైటు వేశా. మూడు తేళ్లురా, రేడియం ముల్లులాగా పచ్చగా! దాని పెంకులోనే ఉందట ఆ గుణం, చచ్చిన తేలు కూడా వెలుగుతుంది. కొత్తగా కుబుసం విడిచిన తేలు మాత్రం పెంకు గట్టిపడేదాకా వెలగదట, కాబట్టి వెలుగు లేదని చెప్పుల్లేకుండా తిరగొద్దు. పిల్లలకు టార్చి ఇవ్వొద్దు కూడా, కళ్లలోకి కొట్టుకుంటే చెడ్డది.

నువ్వు వచ్చేటప్పుడు అక్కడ పెద్ద షాపుల్లో టానిక్ వాటర్ అనే చేదు సోడా ఒక సీసా పట్టుకురా. అందులో క్వినైన్ ఉంటుంది, నీలంగా వెలుగుతుందట. 1852లో స్టోక్స్ అనే ఆయన ఈ వెలుగు గుట్టు పట్టుకుంది ఆ క్వినైన్‌తోనే, ఫ్లోరసెన్స్ అని పేరు పెట్టిందీ ఆయనే. నా కళ్లతో చూడాలని ఉంది.

పెద్దాయన సంగతి అడుగుతావని తెలుసు. ఇరవై రోజులకి వచ్చాడు. కుర్చీ వేశా, తప్పు నాదే అని చెప్పా, టీ తెప్పించా. తాగాడు. పప్పు, నూనె తీసుకున్నాడు. డబ్బులిచ్చేటప్పుడు మాత్రం అన్నీ పదులు, ఇరవైలు, రూపాయి బిళ్లలు, లెక్కకి సరిగ్గా. 500 నోటు బయటికి తీయలేదు.

నీ
రమణ